రిలే మీద చార్జిషీటు

ఎర్రగుట్ట నాలుగో గనిలో ముప్పై రెండేళ్లుగా కరెంటు పని చేస్తున్న ఓదెలు చాలా చార్జిషీట్లు చూశాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఇచ్చినవి, చెప్పకుండా పెళ్లికి పోయినవాళ్లకు ఇచ్చినవి, మేనేజర్ కారుకు అడ్డంగా సైకిల్ పెట్టినవాడికి ఇచ్చినది. చేతులూ కాళ్లూ లేనిదానికి, తల్లి కడుపున పుట్టనిదానికి ఇవ్వడం మాత్రం ఆ వానాకాలమే చూశాడు.

"రక్షణ పరికరమూ మన కుటుంబ సభ్యుడే" అని హెడ్డాఫీసు నుంచి ఒక నినాదం దిగింది. దిగిన నినాదాన్ని గోడ మీద రాసుకుని ఊరుకుంటే ఏ గొడవా లేదు. గని సంక్షేమాధికారి త్రివిక్రమరావుకు ఊరుకోవడం చేతకాదు. సర్క్యులర్ మూడుసార్లు చదివి, "కుటుంబ సభ్యుడన్నాక మస్టర్ నంబరు ఉండొద్దూ?" అన్నాడు. వారం తిరక్కుండా గనిలోని ప్రతి రక్షణ పరికరానికీ ఒక నంబరు పడింది. మనుషులకు వేసినట్టే రోజూ హాజరు వేయడం మొదలైంది.

మొదటి నెల ఫలితాలు బాగానే వచ్చాయి. గాయపడ్డవాళ్లను మోసే స్ట్రెచర్ ఎప్పుడు చూసినా పడుకునే ఉంటోందని దానికి మౌఖిక హెచ్చరిక చేశారు. ప్రమాదం జరిగితే మోగాల్సిన సైరన్ ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా వినయంగా ఉన్నందుకు ఉత్తమ కార్మికుడిగా ఎంపికైంది. ఆ సైరన్ కాలిపోయి ఆరేళ్లయిందని ఓదెలుకు తెలుసు. అడిగితే చెప్పేవాడే. అడగలేదు. దానికి శాలువా కప్పి దండం పెట్టి వచ్చారు.

మూడో లెవెల్ కింద ఉన్న ఎర్త్ లీకేజ్ రిలేకు పడిన నంబరు 4417.

గనిలో పల్లానికి దిగే దారిని డిప్పు అంటారు. గనిలో ఊరే నీళ్లన్నీ ఆ డిప్పులోకే చేరతాయి. అక్కడొక పంపు. ఆ పంపు పక్కన మోకాలి లోతు నీళ్లలో ఎనిమిది గంటలు నిలబడే ఖలాసీ పేరు కొమురెల్లి. ఓదెలు భార్య సమ్మక్కకు ఒక్కగానొక్క తమ్ముడు. పంపుకు కరెంటు తెచ్చే కేబుల్ ముసలిదైపోయింది. ఏడు అతుకులు, నాలుగు పగుళ్లు. అది నీళ్లలో నానినప్పుడల్లా తీగలో ఉండాల్సిన కరెంటు పంపు ఇనుములోకి కారుతుంది. అట్లా కారిన మరుక్షణం, అరవై గజాల ఎగువన స్విచ్ పెట్టెలో కూర్చున్న రిలే పసిగట్టి టక్కుమని సరఫరా కొట్టేస్తుంది. దాన్నే ట్రిప్ కావడం అంటారు. అది ట్రిప్ కాలేదంటే కొమురెల్లి చెయ్యి పంపు మీద, ప్రాణం ఎక్కడో.

ఈ సంగతి ఓదెలు ఒకసారి సమ్మక్కకు చెప్పాడు.

"ఇంటి ముంగట కుక్క ఉంటది సూడు, గట్లనే. దొంగ అచ్చిండంటే మొరుగుతది."

"మొరిగితే ఏమాయె? దొంగను పట్టరాదు?"

"దొంగను పట్టాల్నంటే కొత్త కేబుల్ గావాలె."

"తెప్పియ్యి మరి. నోట్ల నాలికె లేదా? ఇగో, నా తమ్మునికి ఏమన్న అయిందనుకో, ఈ ఇంట్ల నీకు బువ్వ బందు."

ఓదెలు మూడేళ్లుగా చీటీలు రాస్తూనే ఉన్నాడు. రెండు వందల మీటర్ల కేబుల్ కావలెను అని. పైనుంచి జవాబు కూడా ప్రతిసారీ శ్రద్ధగా వచ్చేది. విషయం పరిశీలనలో ఉన్నది అని.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. డిప్పులో ఊట పెరిగింది. రిలే వారంలో తొమ్మిదిసార్లు ట్రిప్ అయింది. సరిగ్గా ఆ వారమే రక్షణ పోటీల రూల్సు మారాయి. ట్రిప్ అయిందంటే ప్రమాదం తొంగి చూసిందని అర్థం. కాబట్టి ట్రిప్పులు లేని గనిలో ప్రమాదాలు లేవు. కాబట్టి ఎక్కడ ట్రిప్పులు సున్నాయో అదే అత్యంత సురక్షితమైన గని, దానికే షీల్డు. ఈ లెక్క ప్రకారం దగ్గడం మానేసిన రోగి ఆరోగ్యవంతుడు. చచ్చినవాడు ఇంకా ఆరోగ్యవంతుడు.

మేనేజర్ భానుమూర్తి ఓదెలును పిలిపించాడు. పక్కనే త్రివిక్రమరావు హాజరు పట్టీ ముందేసుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, నాలుగు వేల నాలుగు వందల పదిహేడు నంబరు విధులను వారంలో తొమ్మిదిసార్లు మధ్యలో విడిచి వెళ్లినట్టు నమోదైంది. దీనిపై మీ వ్యాఖ్య?" అన్నాడు త్రివిక్రమరావు.

"ఎవలు సార్ గా మనిషి?"

"మనిషి కాదు. రిలే."

ఓదెలు ఇద్దరి మొహాలూ చూశాడు. నవ్వొద్దని అర్థమైంది.

"అది ఇడిసిపోలే సార్. పని జేసింది. కొట్టేసుడే దాని పని."

"పని ఆపడమే పనా?" అన్నాడు మేనేజర్. "అట్లా అయితే నేను కూడా రోజూ ఇంట్లో పడుకుని పని చేస్తున్నాననుకోవచ్చుగా?"



"మరొక తీవ్రమైన అంశం సర్," అన్నాడు త్రివిక్రమరావు గొంతు తగ్గించి. "అది ఆగిన ప్రతిసారీ పంపు కూడా ఆగుతోంది. అనగా, ముందస్తు నోటీసు లేకుండా తాను పని నిలిపివేయడమే గాక తోటి యంత్రాన్ని సైతం పురిగొల్పుతోంది. స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం ఇది చట్టవిరుద్ధమైన సమ్మె."

"కేబుల్ మార్సుండ్రి సార్. ఒక్కసారి గూడ కొట్టెయ్యది," అన్నాడు ఓదెలు.

"కేబుల్ వేరే ఫైలు. రెండు ఫైళ్లను కలపకు."

మర్నాడు చార్జిషీటు టైపై వచ్చింది. మూడు పేజీలు. సంజాయిషీకి మూడు రోజుల గడువు. స్వయంగా అందజేసి సంతకం తీసుకురమ్మని ఓదెలుకే ఇచ్చారు. ఓదెలు టోపీ లైటు పెట్టుకుని రెండు కిలోమీటర్లు లోపలికి నడిచి, స్విచ్ పెట్టె ముందు నిలబడ్డాడు. చార్జిషీటు చూపించాడు. రిలే తీసుకోలేదు. తీసుకోకపోతే ఏం చేయాలో రూలుంది. సాక్షి ముందు గోడకు అంటించి, నిరాకరించినది అని రాయించాలి. సాక్షి కొమురెల్లి నీళ్లలోంచి ఎక్కి వచ్చాడు.

"బావా, ఏడ జెయ్యాలె దస్కతు?"

"కింద."

"ఎంత తిక్కదే ఇది! నేనైతే తీస్కొని చింపుతును." కొమురెల్లి తడి చేత్తో సంతకం గీకి, రిలే పెట్టె మీద ఆప్యాయంగా ఒక చరుపు చరిచాడు. "ఏం భయపడకు తమ్మీ. నాకు ఆరు ఇచ్చిండ్లు. ఏం గాదు."

విచారణ రోజు వచ్చింది. విచారణాధికారి త్రివిక్రమరావే. నిందితుడు హాజరు కావాలి, లేకపోతే విచారణ చెల్లదన్నాడు. కార్మిక నాయకుడు పోశెట్టి కూడా గట్టిగా పట్టుబట్టాడు. పోశెట్టి ఎవరి పక్షాన వాదించాలో తర్వాత ఆలోచిస్తాడు గానీ, గొంతు ముందే సవరించుకుంటాడు. ఓదెలు గనిలోకి పోయి పంపు బందు పెట్టించి, నాలుగు మరలు విప్పి, జానెడు రిలేను తువ్వాలలో చుట్టుకుని పైకి తెచ్చాడు. దాన్ని కుర్చీలో పెట్టారు. కుర్చీ మరీ పెద్దదైంది. కింద రెండు ఫైళ్లు వేశారు.

"మీ మీద మోపిన అభియోగాలు అర్థమైనవా?" అన్నాడు త్రివిక్రమరావు.

రిలే మాట్లాడలేదు.

"అర్థమైనట్టు నమోదు చేయడమైనది. పదకొండో తారీకు రెండో షిఫ్టులో మీరు నాలుగుసార్లు ట్రిప్ అయిన మాట వాస్తవమా?"

"అభ్యంతరం!" పోశెట్టి లేచాడు. "మా రిలే దళిత బహుజన, శ్రామిక, పీడిత..." అని ఆగి, ఓదెలు వైపు వంగి, "ఓదెలన్నా, ఇది ఏ కంపెనీదే?" అని గుసగుసగా అడిగాడు.

"తెల్వదే. పేరు శిలుము పట్టింది."

"పేరు సైతం చెరిగిపోయేదాక పని చేసిన శ్రామికుడు!" పోశెట్టి గొంతు పైకి లేచింది. "పాణానికి అపాయం ఉన్న తాన పని ఆపే హక్కు కార్మికునికి ఉన్నదా లేదా? గా హక్కునే మా రిలే వాడుకున్నది!"

ముప్పై రెండేళ్ల సర్వీసులో పోశెట్టి నోట ఒక సరైన మాట రావడం ఓదెలు వినడం అదే మొదలు. పోశెట్టికి మాత్రం ఆ సంగతి తెలియలేదు.

త్రివిక్రమరావు ఓదెలును సాక్షిగా పిలిచాడు. "మీరు దీనితో ఎన్నేళ్లుగా పని చేస్తున్నారు?"

"పదకొండేండ్లు."

"ప్రవర్తన ఎట్టిది?"

"మంచిదే సార్. దాంతోనే నా బామ్మర్ది బతికున్నడు."

"బంధుత్వం వెల్లడైనది. సాక్ష్యం పరిగణించబడదు," అని రాసుకున్నాడు త్రివిక్రమరావు.

తీర్పు సాయంత్రానికే వచ్చింది. తుది నిర్ణయం వచ్చేవరకు రిలేను సస్పెండ్ చేయడమైనది. పోశెట్టి గంటసేపు పోరాడి ఒక రాయితీ సాధించాడు. సస్పెన్షన్ కాలంలో రిలే తన నివాసం, అంటే స్విచ్ పెట్టెలోని గూడు, ఖాళీ చేయనవసరం లేదు. ఆ గూట్లోకి మరొకరిని రానివ్వరు. కొత్త రిలే పెట్టే దారి కూడా అట్లా మూసేసి, పోశెట్టి పూలదండ వేయించుకుని ఇంటికి పోయాడు. రిలేను సంక్షేమాధికారి బీరువాలో పెట్టి తాళం వేశారు.

డిప్పులో నీళ్లు పెరుగుతున్నాయి. షీల్డు కమిటీ వచ్చేందుకు ఐదు రోజులే ఉంది.

"రిలే లేకుండా డైరెక్టు కలిపి పంపు నడిపించు," అన్నాడు భానుమూర్తి.

"కొమురెల్లి సస్తడు సార్."

భానుమూర్తి నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఇంట్లో చిలకకు తన చేత్తో జామకాయ పెడతాడు. "త్రివిక్రమరావుగారూ, మరణం సంభవిస్తే షీల్డుకు ఎన్ని మార్కులు పోతాయి?"

త్రివిక్రమరావు ఫారం తిరగేశాడు. "ట్రిప్పుకు మైనస్ ఐదు సర్. మరణానికి ఈ ఫారంలో గడి లేదు."

"లేదా?"

"వేరే ఫారం అయి ఉండవచ్చును."

ఓదెలు అక్కడే నిలబడి ఉన్నాడు. కాదంటే ఏమవుతుందో అతనికి తెలుసు. ఇంకో ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు. పిల్లలున్నవాడు, కొత్తవాడు, వణుకుతూ డైరెక్టు కలుపుతాడు. "నేను ఒప్పుకోను సార్," అన్నాడు. "రిలే తావుల ఏదో ఒకటి ఉండాలె. ఖాళీ పెట్టొద్దు."

ఖాళీ అన్న మాట త్రివిక్రమరావు చెవిన పడగానే ఆయన మొహం వెలిగింది. ఖాళీ అంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఖాళీని ఎట్లా నింపాలో ఇంకా బాగా తెలుసు. అరగంటలో ఆర్డరు చేతిలో పెట్టాడు.

"సస్పెన్షన్‌లో ఉన్న ఎర్త్ లీకేజ్ రిలే స్థానమున, శ్రీ ఓదెలు, ఎలక్ట్రీషియన్, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, ఆక్టింగ్ రిలేగా నియమింపబడినారు. వీరు సదరు పెట్టె వద్ద ఆసీనులై, కరెంటు లీకైన పక్షమున తక్షణమే సరఫరా నిలిపివేయవలెను. అయితే షీల్డు కమిటీ సందర్శన పూర్తగు వరకు నిలిపివేయరాదు."

ఓదెలు రెండుసార్లు చదివాడు. మూడో తరగతి చదువుకు అది కొంచెం బరువైంది. "లీకయింది నాకెట్ల తెలుస్తది సార్? కరెంటు కనవడది."

"పరిశీలన ద్వారా."

"వాసన గూడ రాదు."

"అయితే అనుభవం ద్వారా," అన్నాడు త్రివిక్రమరావు. "మీకు ముప్పై రెండేళ్ల అనుభవం ఉంది. రిలేకు పదకొండేళ్లే. ఒక విధంగా ఇది మీకు ప్రమోషన్ కూడాను."

ఓదెలు ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్విచ్ దగ్గర తనుంటే స్విచ్ తన చేతిలో ఉంటుంది. అతనికి కావలసింది అంతే.

గనిలోకి దిగగానే కొమురెల్లికి ఒక కట్టడి పెట్టాడు. పంపు ఆడేటప్పుడు దాని దరిదాపుల్లో ఉండొద్దు. ఎగువన పొడి చెక్క దిమ్మెల కుప్ప ఉంది, దాని మీదికెక్కి టోపీ లైటు మూడుసార్లు ఊపాలి. అప్పుడే ఓదెలు స్విచ్ వేస్తాడు. నీటి గొట్టం మూతి పూడిక తియ్యాల్నన్నా, పంపు మర బిగించాల్నన్నా లైటు అడ్డంగా ఊపాలి. ఓదెలు స్విచ్ తీసి, తాళం వేసి, చెవి జేబులో వేసుకుంటాడు. అప్పుడు దిగాలి. గనిలో అరుపు సగం దూరంలోనే పోతుంది గానీ లైటు పోదు.

ఆ లెక్కన నాలుగు రోజులు గడిచాయి. ట్రిప్ అని రాస్తే మార్కులు పోతాయి కాబట్టి, స్విచ్ తీసిన ప్రతిసారీ ఓదెలు పుస్తకంలో టీ అని రాశాడు. మనిషికి టీ హక్కు ఉంది. నాలుగు రోజుల్లో ట్రిప్పులు సున్నా, టీలు ముప్పై ఒకటి. త్రివిక్రమరావు ట్రిప్పుల గడి చూసి మురిసిపోయాడు. టీల గడి సంక్షేమ కార్యక్రమాల కింద హెడ్డాఫీసుకు పంపాడు. దానికీ మెచ్చుకోలు వచ్చింది.

"బావా," అన్నాడు కొమురెల్లి దిమ్మెల మీద సద్ది విప్పుతూ, "నువ్వు ఇప్పుడు మనిషివా, రిలేవా?"

"బువ్వ తిను."

"గది గాదే. అక్క అడిగింది. ఇంట్ల ఏమన్న అంటే టక్కుమని లేశి బయటికి వోతున్నడట. ఈయన డ్యూటీ ఇంటికి గూడ తెచ్చుకుంటున్నడా ఏంది అని."

ఓదెలు పంపు వైపే చూస్తున్నాడు. ఆ పొద్దున, గాలిలో మండే వాయువు లేదని తనిఖీ అయ్యాక, పంపు ఇనుముకు టెస్టర్ ఆనించి చూశాడు. టెస్టర్‌లోని చిన్న దీపం ఇంతకుముందు మిణుకుమిణుకుమనేది. ఇప్పుడు నిలకడగా వెలిగింది. ఇక దాచడానికి టీలు చాలవు.

కమిటీ మర్నాడు దిగింది. కమిటీ పెద్ద భారీ మనిషి. కొత్త బూట్లు, కొత్త టోపీ, మెడలో బంతిపూల దండ. వెనక నోటు పుస్తకంతో కమిటీ గుమస్తా, భానుమూర్తి, త్రివిక్రమరావు, కొబ్బరికాయ పళ్లెంతో గని గుమస్తా, అట్టా పెన్సిలూ పట్టుకుని సర్వే ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్. మామూలు కెమెరా గని లోపలికి తేకూడదు, నిప్పురవ్వ భయం. ఆ రూలును మాత్రం ఎవరూ మీరలేదు. అందుకని బొమ్మ గీయించాలని నిశ్చయించారు.

"పెద్దాయన పంపు మీద చెయ్యి వేసి నిలబడతారు," అన్నాడు భానుమూర్తి. "యంత్రంతో మానవ అనుబంధం. పంపు నడుస్తూ ఉండాలి, అప్పుడే సహజంగా ఉంటుంది."

"ఎంతసేపు?" అన్నాడు కమిటీ పెద్ద.

"పావుగంట సార్, కదలకుంట," అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్. "చేతి ఏళ్లు గీసుడు కష్టం."

పంపు ఆగి ఉంది. కమిటీ పెద్ద నీళ్లలోకి దిగాడు. పంపుకు దండ వేశాడు. మీద చెయ్యి వేశాడు. నవ్వు మొహం పెట్టాడు. కొమురెల్లి దిమ్మెల మీద బిగుసుకుపోయి చూస్తున్నాడు.

"ఓదెలూ, ఆన్!" భానుమూర్తి కేక వేసి టోపీ లైటు ఊపాడు.

ఎగువన ఓదెలు స్విచ్ పిడి పట్టుకుని ఉన్నాడు. పిడి పైకి లేవలేదు. కిందికే నొక్కి, తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, నెమ్మదిగా డిప్పులోకి నడిచి వచ్చాడు.

"ఏమైంది?"

"ట్రిప్ అయిన సార్."

"ఎవరు?"

"నేనే."

 త్రివిక్రమరావు పెదవులు మైనస్ ఐదు అన్నట్టు కదిలాయి.

"పెద్దాయన చెయ్యి పెట్టి నిలబడ్డారయ్యా!" అన్నాడు భానుమూర్తి పళ్ల సందునుంచి.

"అందుకే అయిన. చెయ్యి తీస్తే ఏత్త. పెట్టి ఉంటే ఎయ్య."

"అంతా సురక్షితమని నేను సంతకం చేశాను!"

"అయితే మీరే వెట్టుండ్రి సార్ చెయ్యి. పెద్దసారు పక్కకు నిలవడతరు."

భానుమూర్తి తన చెయ్యి చూసుకున్నాడు. ఆ చేత్తో చిలకకు జామకాయ పెట్టాలి. "మానవ అనుబంధం సంక్షేమ శాఖ అంశం," అన్నాడు. "త్రివిక్రమరావుగారూ, రండి."

"సర్, నేను కేవలం పరిపాలనాపరమైన..." త్రివిక్రమరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. "డ్రాఫ్ట్స్‌మన్‌గారు యువకులు."

"నేను చెయ్యి వెడితే బొమ్మ ఎవలు గీస్తరు సార్?"

అందరి టోపీ లైట్లూ ఒక్కొక్కటిగా తిరిగి కొమురెల్లి మొహం మీద ఆగాయి. పైనుంచి జారిన ఆజ్ఞ చివరికి చేరే చోటు అదే. గనిలో నీళ్లకున్న దారే దానికీ.

"పంపు ఖలాసీవి నువ్వే కదా?" అన్నాడు భానుమూర్తి. "రోజూ పట్టుకునేదేగా. పట్టుకో."

"ఇగో సారూ," అన్నాడు కొమురెల్లి దిమ్మెల మీదినుంచి దిగకుండా, "నేను మా బావ ఆర్డర్ల ఉన్న. ఆయన రిలే. మీరు ఉట్టి మేనేజర్."

అప్పుడు ఓదెలు అందరినీ పొడి నేల మీదికి ఎక్కించాడు. గాలి ఇంకోసారి తనిఖీ చేయించాడు. పైకి పోయి స్విచ్ వేసి వచ్చి, చెక్క దిమ్మె మీద నిలబడి, టెస్టర్‌ను పంపు ఇనుముకు ఆనించాడు. దీపం వెలిగింది. బంతిపూల దండ కింద, ఎర్రగా, ముచ్చటగా.

కమిటీ పెద్ద ఆ దీపాన్ని చూశాడు. తన కుడి అరచేతిని చూసుకున్నాడు. మళ్లీ దీపాన్ని చూశాడు.

"వెలుతురు ఏర్పాట్లు సంతృప్తికరం," అని రాసుకున్నాడు కమిటీ గుమస్తా.

"నోర్ముయ్," అన్నాడు కమిటీ పెద్ద.

ఓదెలు మళ్లీ పైకి పోయి స్విచ్ తీసి తాళం వేశాడు. వచ్చి చెక్క దిమ్మె మీద కూర్చున్నాడు. "కొత్త కేబుల్ అచ్చేదాక చెవి నా జేబుల్నే ఉంటది సార్. రిలే గూడ గంతే. రోగం పోనిదే మల్ల కరెంటు ఎక్కనియ్యది."

"నీళ్లు పెరుగుతాయయ్యా! నాలుగు గంటల్లో పంపు మునుగుతుంది! సెక్షను మొత్తం పోతుంది!"

"పోతది."

"ఇప్పటికిప్పుడు రెండు వందల మీటర్ల కేబుల్ ఎక్కడినుంచి తేను? స్టోర్స్‌లో లేదు!"

"ఉన్నది సార్," అన్నాడు కొబ్బరికాయ పళ్లెం పట్టుకున్న గుమస్తా. అతనికి పాపం లోకం తెలియదు. "స్టోర్స్‌ల లేదు గని, పైన ప్రదర్శన పందిరి కింద ఉన్నది. మంచి కేబుల్ ఇట్లుండును అని అట్ట గట్టి పెట్టినం. మూడేండ్ల సంది ప్రతి ప్రదర్శనల పెడుతున్నం. నిరుడు దానికి రెండో బహుమతి గూడ అచ్చింది."

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నీళ్లు పొడి నేల ఎక్కి కమిటీ పెద్ద కొత్త బూటు లేసుల దాకా వచ్చాయి. "తీసుకురండి," అన్నాడాయన చాలా చిన్న గొంతుతో.

నలభై మంది భుజాల మీద కేబుల్ గనిలోకి దిగింది. పందిరి కట్టిన రంగు కాగితాలు ఇంకా దానికి అంటుకునే ఉన్నాయి. మోసేవాళ్లు పెళ్లికొడుకును మోసినట్టు పాట ఎత్తుకున్నారు. ఆ పాటలో మేనేజర్ పేరు వచ్చింది. భానుమూర్తి విననట్టు నడిచాడు. నీళ్లు పంపు నడుముకు అందే లోపల ఓదెలు కొత్త కేబుల్ బిగించి, పాతదాన్ని చుట్ట చుట్టి పక్కన పడేశాడు. స్విచ్ వేసి టెస్టర్ ఆనించాడు. దీపం వెలగలేదు. కాసేపు పట్టి చూశాడు. వెలగలేదు.

"బావా, ఇగ దిగాల్నా?" అన్నాడు కొమురెల్లి.

"ఆగు." రెండు గంటల నలభై నిమిషాల తర్వాత ఓదెలు మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చాడు. "పంపు గుంజనియ్యి. నేను జెప్పినంక దిగు. ఇంకా రిలే లేదు."

చార్జిషీటు ఆ సాయంత్రమే ఓదెలు చేతికి వచ్చింది. కమిటీ సమక్షంలో, ముందస్తు నోటీసు లేకుండా, రెండు గంటల నలభై నిమిషాలపాటు ట్రిప్ అయినందుకు, తోటి యంత్రాన్ని, తోటి ఖలాసీని, కొంతమేరకు కమిటీని కూడా పని నిలిపివేతకు పురిగొల్పినందుకు, ఆక్టింగ్ రిలే శ్రీ ఓదెలును సస్పెండ్ చేయడమైనది. ఓదెలు తీసుకున్నాడు. సంతకం పెట్టాడు.

పోశెట్టి పరుగున వచ్చాడు. "ఓదెలన్నా, భయపడకు. కొట్లాడుదాం. ఈసారి మనిషి దొరికిండు."

"నాకేం వద్దు. ఒక్కటి అడుగు. రేపు నా తావుల ఎవల్ని ఏస్తరు?"

ఆ ప్రశ్నే త్రివిక్రమరావుకు రాత్రంతా నిద్ర లేకుండా చేసింది. ఓదెలు సస్పెన్షన్‌తో ఖాళీ పుట్టింది. ఖాళీ ఉండరాదు. కమిటీ పెద్ద మళ్లీ వస్తానన్నాడు, కరచాలనానికి చెయ్యి ఇవ్వకుండా మరీ అన్నాడు. ఆ పని చేసిన అనుభవం ఉన్నవాళ్లు గని మొత్తంలో ఇద్దరే. ఒకరు ఓదెలు, రెండోది బీరువాలో ఉంది. ఇద్దరూ సస్పెన్షన్‌లోనే ఉన్నారు. త్రివిక్రమరావు స్టాండింగ్ ఆర్డర్లను అడుగు నుంచి పైకి, పైనుంచి అడుగుకు చదివాడు. సస్పెండ్ అయినవాళ్లను వాళ్ల సొంత ఉద్యోగంలోకి తీసుకోకూడదని స్పష్టంగా ఉంది. వేరేవాళ్ల ఉద్యోగంలోకి తీసుకోకూడదని ఎక్కడా లేదు. రిలే తన ఉద్యోగంలోకి రాకూడదు. ఓదెలు ఉద్యోగంలోకి మాత్రం నిక్షేపంగా రావచ్చు.

పొద్దున తొమ్మిదికి ఆర్డరు వెలువడింది. "ఆక్టింగ్ రిలే శ్రీ ఓదెలు సస్పెన్షన్ మూలముగా ఏర్పడిన ఖాళీలో, మస్టర్ నంబరు 4417, ఎర్త్ లీకేజ్ రిలే, ఆక్టింగ్ ఓదెలుగా నియమింపబడినది. వెళ్లువారు వచ్చువారికి బాధ్యతలు స్వయముగా అప్పగించవలెను."

ఓదెలు ఆ ఆర్డరును రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివాడు. బీరువా తాళం తీయించి, రిలేను తువ్వాలలో చుట్టుకుని, బాధ్యతలు అప్పగించడానికి గనిలోకి దిగాడు. దుమ్ము తుడిచాడు. స్విచ్ తీసి, గూట్లో పెట్టి, నాలుగు మరలూ బిగించి, మళ్లీ స్విచ్ వేశాడు. కొత్తగా పెట్టిన రిలేను పరీక్ష బొత్తాం నొక్కి చూడందే వదలకూడదు. నొక్కాడు.

టక్.

డిప్పులో పంపు ఆగింది. కొమురెల్లి లైటు పైకి లేచి ఇటు తిరిగి, పెట్టె దగ్గరికి వచ్చింది.

"ఎవలే బావా?"

"నా బదులొచ్చినోడు."

"ఎసొంటోడే మనిషి?"

ఓదెలు సరఫరా మళ్లీ కలిపి, స్విచ్ పెట్టె తలుపు మూసి, మర బిగించి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"మంచోడే. ఎవ్వని మాటా ఇనడు," అన్నాడు. "ఇగ దిగు."